1992 మియాటా 1.6: వెనక ఆయిల్, ముందు జిడ్డు, క్లచ్ నేలకి — ఏది ముందు పట్టుకోవాలి?

ఫ్రిస్కో_ఎర్రబండి

అందరికీ నమస్కారం. బండి 1992 మాజ్దా మియాటా, 1.6 ఇంజిన్, 5 గేర్లు, 1,18,000 మైళ్లు. టైమింగ్ బెల్ట్ (ఇంజిన్ వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా తిప్పే పళ్ల బెల్టు) ఎప్పుడు మార్చారో కాగితం ఏమీ లేదు. ఉన్న బాధలు ఇవి:

ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట కింద ఆయిల్ చుక్కలు. ఒక షాపులో చూపిస్తే క్రాంక్ (పిస్టన్ల బలంతో తిరిగే ఇంజిన్ ఇరుసు) వెనక సీలు పోయింది, గేర్‌బాక్స్ దించాలి అన్నారు. ఇంజిన్ ముందు భాగం కూడా టైమింగ్ కవరు కింద జిడ్డుగా ఉంది. క్లచ్ దాదాపు నేలకి ఆనాక గానీ వదలట్లేదు, పొద్దున రివర్స్ వేస్తే గర్రుమంటుంది, పెడల్ రెండుసార్లు కొడితే పడుతుంది. ట్రాఫిక్‌లో ఏసీ వేస్తే వేడి సూది సగం దాటుతోంది.

చేతిలో ఉన్నవి: సాకెట్ల సెట్టు, టార్క్ రెంచ్, జాకీ, 4 స్టాండ్లు, సొంత గరాజ్, రెండు శనివారాలు, 1,500 డాలర్లు. అసలు కోరిక టర్బో పెట్టి, బండి కాస్త కిందికి దించాలని. ఏ వరసలో వెళ్లమంటారు?

కాకినాడ_కామ్‌షాఫ్ట్

గేర్‌బాక్స్ జోలికి వెళ్లకు తమ్ముడూ. ఈ బండిలో బెల్‌హౌసింగ్ (ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే గిన్నె) దగ్గర చుక్క కనిపిస్తే మొదటి అనుమానం క్రాంక్ సీలు మీద కాదు, హెడ్ వెనక ఉండే క్యామ్ యాంగిల్ సెన్సార్ (క్యామ్, అంటే వాల్వులు తెరిచే ఇరుసు, ఎంత తిరిగిందో కంప్యూటర్‌కి చెప్పేది) మీద. దాని ఓ-రింగ్ ముప్ఫై ఏళ్ల వేడికి గట్టిపడిపోతుంది. ఆయిల్ అక్కడి నుంచి బ్లాక్ వెనక గోడ వెంట జారి, సరిగ్గా వెనక సీలు కారితే పడే చోటే పడుతుంది. కింద నుంచి చూసేవాడికి రెండూ ఒకేలా ఉంటాయి.

ముందు నిర్ధారణ చేసుకో. డీగ్రీజర్‌తో హెడ్ వెనక, బ్లాక్ వెనక శుభ్రంగా కడిగి ఆరనివ్వు. 50 మైళ్లు తిప్పి, చిన్న అద్దం, టార్చి పట్టుకుని పైనుంచి కిందికి చూసుకుంటూ రా. సెన్సార్ కిందో, వాల్వ్ కవర్ వెనక మూలలోనో తడి ఉంటే దొంగ దొరికినట్టే. ఆ రెండు చోట్లా పొడిగా ఉండి కింద మాత్రమే తడి ఉంటే అప్పుడు సీలు సంగతి ఆలోచిద్దాం.

ఓ-రింగ్ మార్చడం ఇలా. సెన్సార్ ఒంటికీ హెడ్‌కీ కలిపి తెల్ల పెయింటుతో ఒక గీత గీయి, ఎందుకంటే దాన్ని తిప్పితే ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టే సమయం) మారిపోతుంది. 12 ఎంఎం బోల్టు ఒక్కటే. అది తీసి, సెన్సార్‌ని అటూ ఇటూ కదుపుతూ వెనక్కి లాగు. పాత ఓ-రింగ్ గుండ్రం పోయి పలకబారి ఉంటుంది, గోరుతో నొక్కితే లొంగదు, వంచితే విరుగుతుంది. పదునైన స్క్రూడ్రైవర్‌తో పొడిచి తీయొద్దు. గాడిలో గీత పడితే కొత్తది కూడా కారుతుంది. కొత్తదానికి ఇంజిన్ ఆయిల్ రాసి ఎక్కించు, గీతలు కలిపి బిగించు. బండి ఎక్కించాక టైమింగ్ లైటుతో సరిచూడు: ఇంజిన్ బాగా వేడెక్కాలి, ఏసీ, లైట్లు, ఫ్యాన్లు ఆగి ఉండాలి, బానెట్ కింద డయాగ్నసిస్ డబ్బాలో టెన్ (TEN), జీఎన్‌డీ (GND) అనే రెండు గుంటల్ని చిన్న వైరుతో కలపాలి. అప్పుడు 10 డిగ్రీలు, ఐడిల్ 850 దగ్గర ఉండాలి. వైరు కలపకుండా చూసిన అంకెకి విలువ లేదు, కంప్యూటర్ తనకి తోచినట్టు టైమింగ్ జరుపుతూనే ఉంటుంది.

ఇక ముందు జిడ్డు. అక్కడ మూడు సీళ్లు ఉన్నాయి: క్యామ్‌లకి రెండు, క్రాంక్‌కి ఒకటి. వాటి దాకా వెళ్లాలంటే టైమింగ్ బెల్ట్ తీయాల్సిందే. బెల్ట్ గడువు 60,000 మైళ్లు, నీ దగ్గర కాగితం లేదు కాబట్టి అది ఎలాగూ మారాలి. వాటర్ పంపుని తిప్పేది బయటి ఆల్టర్నేటర్ బెల్టే అయినా, దాన్ని ఊడదీయాలంటే మళ్లీ ఈ కవర్లన్నీ విప్పాలి. అందుకే ఒకే దెబ్బలో అన్నీ: బెల్ట్, టెన్షనర్ (బెల్ట్‌ని బిగువుగా ఉంచే కప్పీ), ఐడ్లర్ (బెల్ట్‌కి దారి చూపే కప్పీ), స్ప్రింగు, మూడు సీళ్లు, వాటర్ పంప్, థర్మోస్టాట్, వాల్వ్ కవర్ గ్యాస్కెట్, బయటి రెండు బెల్టులు, రేడియేటర్ గొట్టాలు. ఇందులో ఏ ఒక్కటి మిగుల్చుకున్నా ఆరు నెలల్లో మళ్లీ ఇదే పని చేయాల్సి వస్తుంది.

ఒక ధైర్యం చెప్తాను. ఈ 1.6 ఇంజిన్లో బెల్ట్ తెగినా పిస్టన్లు వాల్వులకి తగలవు. రోడ్డు పక్కన ఆగిపోతావు, అంతే. కాబట్టి కంగారు పడకుండా చెయ్యి.

వరంగల్_రెడ్‌లైన్

కామ్‌షాఫ్టన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. క్లచ్ ముచ్చట నేను చెప్త.

అన్నా, క్లచ్ ప్లేటు మంచిగనే ఉండొచ్చు. ముందుగాల స్లేవ్ సిలిండర్ (ఫ్లూయిడ్ ఒత్తిడితోని క్లచ్‌ను నెట్టేది) సూడు. గేర్‌బాక్స్ కుడి దిక్కు ఉంటది, రెండు 12 ఎంఎం బోల్టులు. దాని రబ్బరు టోపీ అంచు లేపి సూడు, లోపల తడి కనవడితే సీలు పోయినట్టే. ఈ బండ్లల్ల అది పోవుడు మామూలే. పెడల్ రెండు సార్లు కొడితే గేరు పడుతుందంటే హైడ్రాలిక్స్ దిక్కే చూపెడుతుంది. ప్లేటు అరిగితే లక్షణం వేరే ఉంటది: ఎక్కువ గేర్ల యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఆర్‌పీఎం లేస్తది, బండి మాత్రం ఉరకది.

స్లేవ్ ఒక్కటే మార్చకు, మాస్టర్ (పెడల్ దగ్గర ఆ ఒత్తిడి పుట్టించే సిలిండర్) కూడా కలిపి మార్చు. ఎందుకంటే మాస్టర్ లోపల సీలు ఇన్నేండ్లు ఒక హద్దులనే తిరిగింది. నువ్వు గాలి తీసుడుకని పెడల్‌ని నేల దాక తొక్కితే, ఆ సీలు ఎన్నడూ పోని చోటికి, తుప్పు పట్టిన గోడ మీదికి పోయి గీసుకపోతది. వారం పది దినాలల్ల మాస్టర్ కారుడు షురూ అయితది. పైసలు సాలక ఇప్పుడు మాస్టర్ వద్దనుకుంటే, పెడల్ కింద ఒక కట్టె ముక్క పెట్టి, సగం దాకనే తొక్కుకుంట గాలి తీయి.

డాట్ 3 ఫ్లూయిడ్ పొయ్యాలె. గాలి తీసే నిపుల్‌కు 8 ఎంఎం పానా, అది కూడా రింగు పానానే, ఓపెన్ పానాతోని మూలలు అరుగుతయి. సన్నటి పారదర్శక గొట్టం పెట్టి, కొస ఫ్లూయిడ్ ఉన్న సీసాల ముంచు. బుడగలు ఆగినంక ఇంకో పదిసార్లు తీయి. పైన డబ్బా ఖాళీ కానియ్యకు, అయితే మళ్ల మొదటికొస్తది. ఫ్లూయిడ్ పెయింటు మీద పడితే ఎంటనే నీళ్లతోని కడుగు, లేకుంటే రంగు లేచిపోతది.

ఫీనిక్స్_ఎండమావి

వేడి సంగతి నాకు వదిలేయండి, ఇక్కడ ఆరు నెలలు అదే చర్చ.

రేడియేటర్ పైన ప్లాస్టిక్ ట్యాంకు రంగు చూడండి. కొత్తప్పుడు నల్లగా ఉంటుంది. గోధుమ రంగుకి తిరిగి ఉంటే ఆలోచించకుండా మార్చేయండి. ఆ ప్లాస్టిక్ పెళుసై, మూతికీ అతుక్కీ మధ్య చీలుతుంది, అదీ ట్రాఫిక్‌లోనే. ఎలాగూ కాకినాడన్న చెప్పిన పనికి నీళ్లు దించుతారు, రేడియేటర్ తీస్తే ముందు చేతులు పెట్టుకోవడానికి చోటూ వస్తుంది.

తర్వాత ఫ్యాన్లు. రెండున్నాయి. ఏసీ వేయగానే ఏసీ ఫ్యాను తిరగాలి. ఇంకోదాన్ని పరీక్షించడానికి అదే డయాగ్నసిస్ డబ్బాలో టీఎఫ్‌ఏ (TFA), జీఎన్‌డీ కలిపి కీ ఆన్ చేయండి. తిరిగితే మోటారు, రిలే బాగున్నట్టు, తప్పు థర్మోస్టాట్ దగ్గరున్న స్విచ్‌ది. తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు, ఈ వరసలో చూసుకోండి.

చాలామంది మర్చిపోయేది కింద పళ్లెం. ఇంజిన్ కింద ఉండే నల్ల ప్లాస్టిక్ పళ్లెం ఆయిల్ మార్చేటప్పుడు ఎవరో తీసి పారేసి ఉంటారు. అది లేకపోతే ముందు మూతిలోకి వచ్చిన గాలి రేడియేటర్ గుండా పోకుండా కిందికి జారిపోతుంది. హైవే మీద వేడెక్కితే పళ్లేన్నీ, ఆగి ఉన్నప్పుడు వేడెక్కితే ఫ్యాన్లనీ అనుమానించండి.

మొత్తం 6 లీటర్లు పడుతుంది, కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. కుళాయి నీళ్లు వద్దు, అందులో ఉప్పులు అల్యూమినియం హెడ్‌ని తింటాయి. నింపేటప్పుడు బండి ముక్కు ఎత్తి పెట్టి, హీటర్ పూర్తి వేడికి తిప్పి, మూత తీసి ఇంజిన్ నడపండి. థర్మోస్టాట్ తెరుచుకున్నాక మట్టం ఒక్కసారి పడిపోతుంది, అప్పుడు మిగిలింది పోయండి. హీటర్లోంచి చల్లగాలి వస్తోందంటే లోపల ఇంకా గాలి ఇరుక్కుందని అర్థం.

మీది 1992 కాబట్టి ఫ్యాక్టరీలో పోసిన ఏసీ గ్యాస్ ఆర్-12. ఆర్-134ఏ 1994 బండ్ల నుంచి వచ్చింది. మధ్యలో ఎవరైనా మార్చారో లేదో నింపే నాజిళ్లు చూసి తెలుసుకోండి, రెండూ కలపకండి.

ఫ్రిస్కో_ఎర్రబండి

ఇంత ఓపిగ్గా చెప్పినందుకు మీ అందరికీ రుణపడ్డాను. సెన్సార్ కిందే తడి దొరికింది! రేడియేటర్ ట్యాంకు టీ రంగులో ఉంది. రెండు అనుమానాలు: ఈ ఇంజిన్లకి క్రాంక్ కొస విరిగే జబ్బు ఉందని విన్నాను, నాదీ అంతేనా? టర్బో గురించి మాత్రం ఎవరూ నోరు మెదపలేదు.

కాకినాడ_కామ్‌షాఫ్ట్

ఆ జబ్బు 1990, 1991 తొలి బండ్లది. వాటిల్లో క్రాంక్ ముక్కు పొట్టిగా ఉంటుంది. బోల్టు సడలితే కీ ఆడి ఆడి గాడి వెడల్పవుతుంది, టైమింగ్ ఊగుతుంది, చివరికి క్రాంకే పోతుంది. గుర్తుపట్టడం తేలిక: క్రాంక్ పుల్లీ పట్టుకునే బాస్‌కి 4 గాళ్లుంటే పొట్టి ముక్కు, 8 ఉంటే పొడుగు ముక్కు. నీ బండికి 8 ఉండాలి, అయినా ఇంజిన్ ఎప్పుడైనా మార్చి ఉండొచ్చు కాబట్టి లెక్కపెట్టు. పొడుగు ముక్కుకి బోల్టు టార్క్ 116 నుంచి 123 ఫుట్-పౌండ్లు, పొట్టిదానికి 80 నుంచి 87. ఈ రెండూ తారుమారు చేయొద్దు.

టర్బో మాట బాబాయ్ చూసుకుంటారు, ఎదురుచూస్తున్నట్టున్నారు.

టార్క్‌రెంచ్_బాబాయ్

ఎదురుచూస్తున్నానురా అబ్బాయ్. టర్బో వద్దనను, దానికి ముందు ఏమేం అడుగుతుందో చెప్తాను.

నీ ఇంజిన్ పుట్టుకతో 116 హార్స్‌పవర్. వెనక డిఫరెన్షియల్ రింగ్ గేరు 6 అంగుళాలది, టర్బో టార్క్‌కి పళ్లు రాలేది మొదట అక్కడే. 1994 నుంచి 1.8 బండ్లకి 7 అంగుళాలది వచ్చింది. అది పెట్టాలంటే డిఫరెన్షియల్ ఒక్కటే తెస్తే కూర్చోదు, దాని యాక్సిళ్లు, ప్రొపెల్లర్ షాఫ్టు కూడా ఆ బండివే కావాలి. క్లచ్ నీది 200 మిల్లీమీటర్లు, 1.8ది 215. గాలిని కొలిచే డబ్బాలో తలుపు రెక్క ఒకటి ఉంటుంది, ఒక హద్దు దాటితే అది పూర్తిగా తెరుచుకుని ఇంకా వస్తున్న గాలిని లెక్కపెట్టలేదు. అంటే ఇంజెక్టర్లు, కంప్యూటర్ కూడా మారాలి. మిశ్రమంలో పెట్రోలు తక్కువై పిస్టన్ కరిగేది ఇక్కడే పొదుపు చేసినవాళ్లకి. 1,500 డాలర్లు వీటిలో సగానికి కూడా రావు. అదే డబ్బు పైవాళ్లు చెప్పిన పనులకి సరిగ్గా సరిపోతుంది.

చట్టం సంగతి కూడా చూడు. నీ ఫ్రిస్కో ఉన్న టెక్సస్‌లో పొగ పరీక్ష 24 ఏళ్లు దాటిన బండ్లకి లేదు, నీకు ఆ బెడద లేదు. కాలిఫోర్నియాలో అయితే 1976 నుంచి వచ్చిన పెట్రోలు బండ్లన్నీ స్మాగ్ పరీక్షకి వెళ్లాల్సిందే, అక్కడి మనవాళ్లు టర్బో కిట్టుకి ఆ రాష్ట్రం ఇచ్చిన ఈవో నంబరు (కిట్టు వాడొచ్చని ఇచ్చే అనుమతి సంఖ్య) ఉందో లేదో చూశాకే డబ్బు కట్టాలి.

ఇప్పటికి ఖర్చులేని హుషారు ఒకటి ఉంది. టైమింగ్ 10 నుంచి 14 డిగ్రీలకి జరుపు. కింది ఆర్‌పీఎంలో తేడా పాదానికి తెలుస్తుంది. కానీ 87 ఆక్టేన్ మానేసి 93 పోయించాలి. ఎండలో ఎత్తు ఎక్కుతూ ఎక్కువ గేర్లో తొక్కినప్పుడు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు చప్పుడు వస్తే 2 డిగ్రీలు వెనక్కి తెచ్చెయ్.

వరంగల్_రెడ్‌లైన్

బాబాయ్ అసలు టర్బో పేరు ఎత్తనిస్తడా అనుకున్న, ఏకంగా లిస్టే రాసిచ్చిండు! దించుడు ముచ్చట నేను జెర చెప్త.

స్ప్రింగులు కోయకు అన్నా. ఈ బండికి సస్పెన్షన్ ప్రయాణమే తక్కువ. చక్రం నడుమ నుంచి ఫెండర్ అంచు దాక 12.5 అంగుళాల కన్న కిందికి దించితే ప్రతి గుంతకు బంప్‌స్టాప్ (సస్పెన్షన్ ప్రయాణం కొసన తగిలే దిమ్మె) మీదనే నడుస్తది, మూల మలుపుల వెనక భాగం ఒక్కసారి జారుతది. ఒక అంగుళం దించు, మంచి షాకులు పెట్టు, సాలు. కంట్రోల్ ఆర్మ్ బోల్టులు బండి గాలిల ఉన్నప్పుడు పూర్తి బిగించకు. చక్రాలు నేల మీద ఆనినంక, బరువు పడ్డంక బిగించు. లేకుంటే బుష్షు రబ్బరు మెలిపడ్డట్టే ఉండి తొందరగ చినుగుతది.

దించినంక అలైన్‌మెంట్ తప్పదు. క్యాంబర్ (చక్రం నిలువుకు ఎంత ఒరిగిందో చెప్పే కోణం) ముందు మైనస్ 1, వెనక మైనస్ 1.5 డిగ్రీలు, వెనక చక్రాలు జెర లోపలికి చూడాలె. సీట్ల నీ బరువంత సామాను పెట్టి చేయమను. సర్దే బోల్టులు తుప్పుతోని పట్టేసుకుని ఉంటయి, రెండు దినాల ముందుగాలనే నూనె కొట్టి ఉంచు.

చక్రాలు 4×100 (100 ఎంఎం వృత్తం మీద 4 బోల్టులు), మధ్య రంధ్రం 54.1 ఎంఎం. మన దగ్గర స్విఫ్ట్‌కు కూడా గదే కొలత, గని ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికి కూసుంటదో చెప్పే కొలత) చూడకుండా ఏదీ ఎక్కించకు. 15×7 చక్రానికి 195/50 టైరు మస్తు కూసుంటది.

ఫ్రిస్కో_ఎర్రబండి

టర్బో పక్కన పెట్టాను బాబాయ్, ముందు బండి నిలబడాలి. సామాన్లు వచ్చేశాయి, శనివారం బెల్ట్ పని. మళ్లీ ఎక్కించేటప్పుడు ఒక పన్ను తప్పితే ఎలా తెలుస్తుంది? టెన్షనర్ ఎంత బిగించాలి?

కాకినాడ_కామ్‌షాఫ్ట్

బ్యాటరీ డిక్కీలో ఉంది, ముందు నెగటివ్ తీసెయ్. స్పార్క్ ప్లగ్గులు నాలుగూ తీస్తే ఇంజిన్ చేతికి తేలిగ్గా తిరుగుతుంది. బయటి బెల్టులు బిగువుగా ఉండగానే వాటర్ పంప్ పుల్లీ బోల్టులు సడలించు, బెల్ట్ తీశాక అది చేతుల్లోనే తిరుగుతూ ఏడిపిస్తుంది. ఇంజిన్‌ని ఎప్పుడూ 21 ఎంఎం సాకెట్‌తో క్రాంక్ బోల్టు మీద, గడియారం తిరిగే వైపే తిప్పు. ఆ బోల్టు విప్పడానికీ బిగించడానికీ 5వ గేరు వేసి, ఒకరు బ్రేకు తొక్కిపట్టాలి.

గుర్తులు: క్రాంక్ స్ప్రాకెట్ మీది గుర్తు ఆయిల్ పంప్ ఒంటి మీది గుర్తుకి ఎదురుగా, పైన ఇన్‌టేక్ స్ప్రాకెట్ (పళ్ల చక్రం) మీది ఐ (I), ఎగ్జాస్ట్ మీది ఈ (E), వెనక పలక మీది గీతలకి ఎదురుగా రావాలి. బెల్ట్ ఎక్కించేటప్పుడు టెన్షనర్‌కి ఎదురు వైపు బిగువుగా లాగి ఉంచు, వదులంతా టెన్షనర్ వైపే మిగలాలి. కాగితాలు పట్టుకునే నల్ల క్లిప్పులతో బెల్ట్‌ని స్ప్రాకెట్లకి పట్టించి ఉంచితే జారదు.

పన్ను లెక్క: ఐ గుర్తు నుంచి ఈ గుర్తు దాకా రెండు స్ప్రాకెట్ల మధ్య బెల్ట్ మీద 19 పళ్లు. 18 వచ్చినా 20 వచ్చినా తప్పే, తీసి మళ్లీ ఎక్కించు. కంటి అంచనా నమ్మకు, సుద్దముక్కతో ఒక్కో పన్ను మీదా చుక్క పెట్టుకుంటూ లెక్కపెట్టు.

టెన్షనర్‌ని నీ బలంతో నెట్టకు, ఆ పని స్ప్రింగుది. క్రాంక్‌ని ఒక చుట్టూ, ఇంకో చుట్టులో ఆరింట అయిదు వంతులూ తిప్పి, టెన్షనర్ బోల్టు సడలించు. స్ప్రింగు లాగినంత లాగనిచ్చి, 28 నుంచి 38 ఫుట్-పౌండ్లకి బిగించు. మళ్లీ రెండు చుట్లు, ఇంకో ఆరో వంతు తిప్పి గుర్తులన్నీ చూడు. రెండు క్యామ్ స్ప్రాకెట్ల మధ్య బెల్ట్‌ని 22 పౌండ్ల బలంతో నొక్కితే 9 నుంచి 11.5 మిల్లీమీటర్లు దిగాలి. బండి ఎక్కించాక ముందు నుంచి సన్నగా ఈల వేసినట్టు వినిపిస్తే బెల్ట్ ఎక్కువ బిగిసింది.

సీళ్లు ఎక్కించేటప్పుడు పెదవికి ఆయిల్ రాసి, సరిపోయే పీవీసీ గొట్టం ముక్కతో సమానంగా తట్టు, అంచుతో కలిశాక ఆపు. వాల్వ్ కవర్ గ్యాస్కెట్‌కి ముందు క్యామ్ టోపీల మూలల్లోనూ, వెనక మూలల్లోనూ కందిగింజంత సిలికాన్ పెట్టు. ఆ బోల్టులకి 5 నుంచి 9 న్యూటన్-మీటర్లే. పెద్ద రెంచ్ పక్కన పెట్టి చేతి బిగువుతో చెయ్యి, అల్యూమినియంలో మర పోతే శనివారం కాస్తా ఆదివారం అవుతుంది.

ఫీనిక్స్_ఎండమావి

ముందు జాకీ మధ్య క్రాస్‌మెంబర్ కింద, వెనక డిఫరెన్షియల్ కింద పెట్టండి. స్టాండ్లు పెట్టాక బండిని గట్టిగా ఊపి చూడకుండా కిందికి దూరకండి. రేడియేటర్ కింద తెల్ల ప్లాస్టిక్ డ్రెయిన్ మూతని చేత్తోనే తిప్పండి, శ్రావణం పెడితే విరుగుతుంది.